ముందు ఆటస్థలం చూడండి

మూడేళ్ల పిల్లలను చేర్చుకునే ప్లేస్కూళ్లు చాలావరకు మేడల మీదా అపార్ట్‌మెంట్ గదుల్లోనూ నడుస్తున్నాయి. వర్క్‌బుక్కులుంటాయి, పరుగెత్తడానికి జాగా ఉండదు. ఈ వయసు పిల్లలు రోజుకు కనీసం 180 నిమిషాలు కదలాలని, అందులో గంటసేపు ఒళ్లు అలిసేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో అయిదేళ్లలోపు పిల్లల్లో అధిక బరువు 2015-16లో 2.1 శాతం, 2019-21లో 3.4 శాతం. అంకె చిన్నదే, పెరిగిన తీరే భయపెడుతోంది. బొద్దుగా ఉంటేనే ఆరోగ్యమనే నమ్మకం మన ఇళ్లలో ఇంకా బలంగా ఉంది. అమ్మమ్మలూ నాయనమ్మలూ నొచ్చుకున్నా సరే, పిల్లవాడు చాలన్నాక మరో ముద్ద కుక్కడం మానాలి.

అంగన్‌వాడీలో వేడి అన్నం, పప్పు, గుడ్డు పెడుతుంటే, ఫీజులు కట్టే బడికి మనం పంపే డబ్బాలో క్రీమ్ బిస్కట్లు, చిప్స్, తీపి జ్యూస్ ఉంటున్నాయి. పుట్టినరోజు చాక్లెట్లు వీటికి అదనం. పెసరట్టు, పల్లీపొడి అన్నం, జామపండు ముక్కలు పెడితే పిల్లలు తినరా? తింటారు, అలవాటు చేస్తే.

ఈ సంచికలో అలాంటి డబ్బా వంటలతోపాటు, ఇరుకు గదిలోనూ ఆడించగల ఆటలు ఇచ్చాం. జూన్‌లో పిల్లలను చేర్చేముందు బడివాళ్లను అడగండి: రోజుకు ఎంతసేపు ఆడిస్తారు, ఎక్కడ?