క్రెడిట్ కార్డు కానుకలు – వాటి వెల

క్రెడిట్ కార్డు మన ప్రాంతమునకు కొత్తది కాదు. 1923లో డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్నమున స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే కార్డులను ప్రవేశపెట్టి, దేశములో ఈ మార్గమున ముందు నడిచిన బ్యాంకులలో ఒకటిగా పేరొందినది. 2020 ఏప్రిల్ 1న ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో విలీనమైనది. నాడు కొద్దిమందికే అందిన ఈ సౌకర్యమును తీసుకొమ్మని, నేడు జగ్గయ్యపేట, నందిగామలలో చదువు ముగించి తొలి జీతమందుకొన్న వారికి సైతము ఫోనులు వచ్చుచున్నవి. కావున కార్డుతో చూపు కానుకల విలువ ఎంతయో విచారించుట మన విద్యార్థులకు అవసరమని తలచుచున్నాము.

ఉదాహరణకు ఒక మధ్యరకపు కార్డును ఊహించుకొందము. సాలుసరి రుసుము 1,000 రూపాయలు; 18 శాతము జి.ఎస్.టి.తో 1,180. వంద రూపాయల ఖర్చునకు రెండు పాయింట్లు. పాయింటు విలువ పావలా. అనగా వందకు అర్ధరూపాయి. కట్టిన రుసుము తిరిగి రావలెనన్న ఏడాదికి 2,36,000 రూపాయలు, నెలకు దాదాపు 20 వేలు, కార్డుపై ఖర్చు చేయవలెను. పెట్రోలు, ఇంటి అద్దె వంటి వాటికి పాయింట్లు ఇయ్యని కార్డులు అనేకము. మన మెట్ట ప్రాంతపు చిరుద్యోగి ఇంటిఖర్చులో అవియే పెద్ద పద్దులు!

ఇంత ఖర్చు చేసినచో రుసుము మాఫీ అను ఆశ మరియొకటి. మాఫీ కొరకు అక్కరలేని వస్తువు కొనుట లాభమెట్లగును? విమానాశ్రయమున ఉచిత విశ్రాంతి మందిరమన్నది ఇంకొక ఆకర్షణ. ఆర్టీసీ బస్సులో విజయవాడకు పోయివచ్చు మనవారికి, విజయవాడ దాటి గన్నవరములో నున్న విమానాశ్రయపు విశ్రాంతి ఏటికి ఎన్నిమార్లు అక్కరకు వచ్చును? వాడుకొనని సౌకర్యమునకు వెల కట్టి లాభములో కలుపుకొనుట తగదు.

ఈ కానుకల సొమ్ము ఎక్కడిది? కొంత దుకాణదారుడు కార్డు అమ్మకముపై బ్యాంకులకు వదలుకొను కమీషను నుండి వచ్చును. మరికొంత బాకీ పూర్తిగా తీర్చలేనివారి వడ్డీ నుండి వచ్చును. 20,000 రూపాయల సరుకు కొని, కనీసపు మొత్తమని బిల్లులో చూపిన 1,000 మాత్రమే కట్టినవాని సంగతి చూడుడు. మిగిలిన 19,000కు నూటికి మూడున్నర చొప్పున ఒక నెల వడ్డీయే 665 రూపాయలు. దానిపై పన్ను దాదాపు 120. అతనికి వచ్చిన పాయింట్ల విలువ నూరు రూపాయలు! నూటికి రెండు రూపాయల వడ్డీయే భారమని వాపోవు మన పల్లెలలో ఈ లెక్క తెలియకుండుట విచారకరము. కార్డు వడ్డీ ఏటా 30 శాతము మించరాదన్న జాతీయ వినియోగదారుల కమిషన్ 2008 నాటి తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో కొట్టివేసినది. కావున జాగ్రత్త మన చేతిలోనే యున్నది.

కార్డు వలన మేలు లేదని మా వాదము కాదు. బిల్లు మొత్తమును గడువులోగా తీర్చువారికి కొన్ని వారములు వడ్డీ లేని వెసులుబాటు కలదు. సకాలపు చెల్లింపుల చరిత్ర రేపటి గృహరుణమునకు తోడ్పడును. ఆపదలో ఆసుపత్రి బిల్లునకు ఆదుకొనును. అసలైన లాభములు ఇవి. పాయింట్లు పైకొసరు మాత్రమే. ఈ మేలు పొందుటకు సాలుసరి రుసుము లేని కార్డు చాలును. దానితో ఏటీఎంలో నగదు మాత్రము తీయరాదు. ఆ సొమ్ముపై తీసిన నాటి నుండియే వడ్డీ పడును. ఎరువు సొమ్ము బరువు చేటని పెద్దలు ఊరక అనలేదు.

కళాశాల కమిటీవారికి మాదొక విన్నపము. చివరి సంవత్సరపు విద్యార్థులకు ఏటా ఒక్క గంట కేటాయించి, ఒక బ్యాంకు అధికారిని పిలిపించి, కార్డు ఛార్జీల పట్టికను వారిచేత చదివించి లెక్క వేయింపుడు. ఉద్యోగమునకు పంపు ముందు వారికి ఈపాటి రక్షణ కల్పించుట మన బాధ్యత.