పెద్దల టీవీ, పిల్లల కళ్లు

చిన్నపిల్లలు తెర మీద చూసే హింస ఎక్కువగా వాళ్లు కోరి చూసేది కాదు. పెద్దలు తమ కోసం పెట్టుకున్న టీవీలో, తాము తిప్పుతున్న ఫోనులో, తాము వెంటబెట్టుకెళ్లిన సినిమాలో అది వాళ్ల కంటపడుతుంది. రాత్రి అన్నాల వేళ చాలా తెలుగు ఇళ్లలో వార్తా చానల్ నడుస్తూ ఉంటుంది. నడిరోడ్డు మీద ఒకణ్ని కత్తితో నరుకుతున్న సీసీటీవీ దృశ్యం వస్తుంది. దాని చుట్టూ ఎర్రటి గీత, వెనక గుండెలదిరే సంగీతం. యాంకర్ మాట్లాడినంతసేపూ ఆ అర నిమిషమే మళ్లీ మళ్లీ తిరుగుతుంది. నాలుగేళ్ల పాప పెరుగన్నం ముద్ద బుగ్గన పెట్టుకుని అటే చూస్తుంటుంది. పెద్దలకది ఒక్క హత్య. చూపిందే మళ్లీ చూపుతున్నారన్న సంగతి ఆ వయసుకు తెలియదు కాబట్టి, పాపకు ప్రతిసారీ మరొకణ్ని చంపుతున్నట్టే అనిపించవచ్చు.

రక్తం, మృతదేహాలు, దాడుల దృశ్యాలను మసకబరచకుండా దగ్గర నుంచి చూపవద్దని కేంద్ర సమాచార, ప్రసార శాఖ 2023 జనవరి 9న ప్రైవేటు చానళ్లకు సూచనలిచ్చింది. ఇంటిల్లిపాదీ చూసే టీవీలో ఇవి పిల్లల మనసును దెబ్బతీస్తాయని అందులో ప్రత్యేకంగా ప్రస్తావించింది. ‘ఎ’ సర్టిఫికెట్ సినిమాను కోతలు పెట్టి మళ్లీ సర్టిఫికెట్ తీసుకోకుండా టీవీలో వేయడానికి లేదు. వార్తలకు అలాంటి ముందస్తు వడపోత లేదు గనక, నటించిన హత్య ఆగిపోయి నిజం హత్య ఇంట్లోకి వస్తోంది.

హాని ఎంత అన్న విషయంలో తొందరపడి మాట్లాడటం మంచిది కాదు. గాలి నింపిన బొమ్మను పెద్దవాళ్లు సుత్తితో బాదుతుంటే చూసిన పిల్లలు అవే దెబ్బలు కొట్టారని, అవే మాటలు అన్నారని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ బండూరా 1961లో చూపాడు. 1963లో అదే దృశ్యాన్ని తెర మీద చూపినా పిల్లలు అలాగే చేశారు. కానీ బొమ్మను కొట్టడం, మనిషిని కొట్టడం ఒకటి కావు. హింసాత్మక వీడియో గేములు హింసాత్మక ప్రవర్తనకు దారితీస్తాయనడానికి తగిన ఆధారాలు లేవని అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2020లో తేల్చిచెప్పింది. అరవడం, నెట్టడం లాంటి దుడుకుతనంతో మాత్రం స్వల్ప సంబంధం ఉందని అదే తీర్మానంలో పేర్కొంది. కాబట్టి ఇవి చూస్తే పిల్లలు హంతకులవుతారని బెదిరించడం తల్లిదండ్రులకు మేలు చేయదు. తమవాడు బుద్ధిగానే ఉన్నాడు కదా అని వాళ్లు ఆ మాటను పక్కన పెట్టేస్తారు. అసలు నష్టం రోజువారీ జీవితంలో కనిపిస్తుంది. ఒంటరిగా పడుకోనని మారాం చేస్తారు, నిద్రలో ఉలిక్కిపడతారు, బడిలో మాటకంటే ముందు చేయి లేస్తుంది.

తల్లిదండ్రులకు ఎలాంటి సాయం పనికొస్తుందో అమెరికాలోని సియాటిల్‌లో చేసిన ఒక ప్రయోగం స్పష్టంగా చూపింది. పిల్లల వైద్యుడు దిమిత్రి క్రిస్టాకిస్ బృందం మూడు నుంచి ఐదేళ్ల వయసు పిల్లలున్న 565 కుటుంబాలను రెండు గుంపులు చేసింది. మొదటి గుంపుకు టీవీ తగ్గించమని చెప్పలేదు. ఇంటికి వెళ్లి మాట్లాడారు, తర్వాత ఫోన్లలో పలకరించారు. ఆ ఇంట్లో వచ్చే చానళ్లలోనే కొట్లాటలు లేని, కలిసిమెలిసి ఉండటం నేర్పే కార్యక్రమాలు ఏవో చెప్పే పట్టికను నెలనెలా పంపారు. పిల్లల పక్కన కూర్చుని చూడమన్నారు. రెండో గుంపుకు తిండి అలవాట్ల గురించి చెప్పారు. ఆరు నెలలు తిరిగేసరికి మొదటి గుంపు పిల్లల్లో దుడుకుతనం తగ్గింది, నలుగురితో మెలిగే తీరు మెరుగుపడింది. పేద కుటుంబాల మగపిల్లల్లో ఈ మార్పు ఎక్కువగా కనిపించింది. ఈ ఫలితాలు 2013లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చాయి.

ఆ నెలవారీ పట్టికే ఇక్కడ కీలకం. రెండేళ్లలోపు పిల్లలకు తెర వద్దని, ఐదేళ్లలోపు వారికి గంట మించకూడదని భారత పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది. మంచి మాటే, కానీ ఆ గంటలో ఏం చూపాలో గడియారం చెప్పదు. పొయ్యి మీద కూర, కొంగు పట్టుకుని పిల్లాడు, పక్కన మరో మనిషి సాయం లేని తల్లికి ‘ఇది వద్దు’ అన్నంత మాత్రాన ఒరిగేదేమీ లేదు. దాని బదులు ఏది పెట్టాలో ఎవరైనా చెప్పాలి.

సినిమాల విషయంలో చట్టం కొంత సాయపడింది. 2023 సవరణతో ‘యూఏ’ సర్టిఫికెట్‌ను 7+, 13+, 16+ అని మూడుగా విడదీశారు. అయితే ‘ఎ’ సినిమాకు మైనరును గేటు దగ్గరే ఆపాల్సిన థియేటర్‌కు, ‘యూఏ 16+’ సినిమాకు వచ్చిన ఆరేళ్ల పిల్లను ఆపే బాధ్యత లేదు. ఈ వయసు గుర్తు తల్లిదండ్రుల కోసమేనని, అమలు చేయాల్సింది వాళ్లేనని చట్టమే అంటోంది. బాధ్యత అంతా వాళ్ల మీద పెట్టినప్పుడు కారణం కూడా చెప్పడం న్యాయం. ఆ 16+ నరుకుళ్ల వల్ల వచ్చిందో, బూతుల వల్ల వచ్చిందో పోస్టరు మీదే పెద్ద తెలుగు అక్షరాల్లో ఉండాలి. ఓటీటీలకు 2021 నిబంధనలు ఆ వివరణను తప్పనిసరి చేశాయి. 13+, అంతకు పై స్థాయి కార్యక్రమాలకు తల్లిదండ్రుల తాళం కూడా ఉండాలన్నాయి. ఇంట్లో అందరిదీ ఒకే ప్రొఫైల్ అయితే, పిన్ ఎవరూ పెట్టకపోతే ఆ తాళం ఉన్నా లేనట్టే. పిల్లలకు వేరే ప్రొఫైల్ తెరవడం, పెద్దల ప్రొఫైల్‌కు పిన్ పెట్టడం, ఒకటి అవగానే మరొకటి దానంతటదే మొదలయ్యే ఆటోప్లేను ఆపడం పది నిమిషాల పని. యూట్యూబ్ కిడ్స్‌లో తల్లిదండ్రులు ఎంచినవి మాత్రమే కనిపించేలా పెట్టుకోవచ్చు. ఒక్కసారి ఎవరైనా పక్కన కూర్చుని చూపిస్తే చాలామంది చేసుకోగలరు.

ఎంత కట్టడి చేసినా కొంత కంటపడక మానదు. అప్పుడు పెద్దలు నోరు మెదపకుండా పక్కన కూర్చుంటే, ఇది చూడదగ్గదేనని పిల్లలు అర్థం చేసుకుంటారు. హీరో పదిమందిని నరికినప్పుడు ఈల వేస్తే ఇక చెప్పేదే లేదు. ‘అది రంగునీళ్లు, ఆ మామయ్య లేచి ఇంటికెళ్లిపోయాడు’ అన్న మాట భయం తీరుస్తుంది. ‘నిజంగా అంత దెబ్బ తగిలితే ఎంత నొప్పి? వాళ్లమ్మ ఏమైపోవాలి?’ అన్న ప్రశ్న ఆలోచింపజేస్తుంది. వార్తల్లోని నిజం హత్యకు మొదటి మాట పనికిరాదు. అక్కడ చానల్ మార్చి, నువ్వు భద్రంగా ఉన్నావని దగ్గరకు తీసుకోవడమే దారి.

ఈ సాయం అందించడానికి కొత్త వ్యవస్థలు అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల్లో 2024 డిసెంబర్ 7న ఒకేరోజు మెగా తల్లిదండ్రుల సమావేశం జరిగింది. అలాంటి రోజున అరగంట కేటాయిస్తే వచ్చిన వాళ్ల ఫోనుల్లోనే తాళాలు పెట్టి చూపవచ్చు. అంగన్‌వాడీలో తల్లులు కలిసినప్పుడు, టీకాకు తెచ్చిన బిడ్డను డాక్టర్ చూస్తున్నప్పుడు ‘ఇంట్లో టీవీలో ఏం పెడతారు?’ అని అడగవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలు, పిల్లల వైద్యుల సంఘాలు కలిసి వయసులవారీగా చూడదగ్గ కార్యక్రమాల పట్టిక ఒకటి తెలుగులో తయారుచేసి, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులకు పంపాలి. టీవీ మాత్రమే ఉన్న ఇళ్లకూ, ఒక్క ఫోనే ఉన్న ఇళ్లకూ పనికొచ్చేలా, డబ్బు కట్టకుండా దొరికేవే అందులో ఉండాలి. చానళ్ల వేళలూ కొత్త వీడియోలూ మారిపోతుంటాయి కనుక దాన్ని నెలనెలా సరిచూసే బాధ్యత ఫలానా వారిదని ముందే పేరు పెట్టి అప్పగించాలి.