18 గంటల్లోపు: నల్లరేగడి పల్లెల కంటి ప్రణాళిక

ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం, చేలో రెండూ కలగలిపి మాట్లాడే వాళ్ళం మేము. కోవిల్‌పట్టి, విరుదునగర్, సాత్తూరు చుట్టుపక్కల నల్లరేగడి ఊళ్ళ రైతులం, కూలీలం, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలకు పోయే ఆడవాళ్ళం, కొందరు పంతుళ్ళం. ఇది మా ఉద్యమ ప్రణాళిక. ఉద్యమానికి ఏం పేరు పెట్టాలన్నదాని మీద ఇంకా మాట తెగలేదు. పేరు తరవాత చూసుకుందాం, పని మాత్రం ఈ కోతలకే మొదలవ్వాలి.

మేం కోరేది ఒక్కటే. కంట్లో నలుసు పడి గీరుకున్న మనిషికి 18 గంటల్లోపు, సొంత ఊళ్ళోనే, సరైన మందు అందాలి.

నలుసుకో ఉద్యమమా అని నవ్వే వాళ్ళుంటారు. ఒక కంట్లో పువ్వు వేసిన పెద్దవాళ్ళను కూర్చోబెట్టి అడగండి, ఎలా మొదలైందో చెబుతారు. జొన్న కోస్తుంటే ఆకు గీసుకుంది. మొక్కజొన్న నూరుస్తుంటే పొట్టు ఎగిరి పడింది. బొగ్గుల కోసం సర్కారు తుమ్మ నరుకుతుంటే ముల్లు తగిలింది. రెండు రోజులు నీళ్ళు కారాయి. ఎవరో ఆకుపసరు పిండారు, ఎవరో చనుబాలు పోయించారు. తగ్గకపోతే మందుల షాపులో ఏవో చుక్కలు కొన్నారు, ఒక పూట హాయిగా అనిపించింది. ఆ తరవాత నల్లగుడ్డు మీద తెల్లమచ్చ తేలింది. కూలి పోగొట్టుకుని, తోడుగా ఒకరిని వెంటబెట్టుకుని మదురైకో తిరునెల్వేలికో బస్సెక్కేసరికి పుండు లోతుకు దిగిపోయింది.

ఇది కార్నియా పుండు. నల్లగుడ్డును కప్పి ఉండే అద్దం లాంటి పొర గీరుకుంటే, ఆ సందులోంచి సూక్ష్మజీవులు లోపలికి పోతాయి. పట్నాల్లో ఇది ఎక్కువగా బ్యాక్టీరియా పని. మట్టితో, ఎండుటాకుతో బతికే మా దగ్గర సగానికి సగం బూజు పని. 1994లో మొదటి మూడు నెలల్లో మదురై అరవింద్ కంటి ఆసుపత్రికి ఈ పుండుతో వచ్చిన 434 మందిని డాక్టర్ ఎం. శ్రీనివాసన్ బృందం పరీక్షించింది. సూక్ష్మజీవి దొరికిన వాళ్ళలో దాదాపు సగం మందికి అది బూజే. అందులోనూ ముందు వరసలో ఉన్నది ఫ్యూజేరియం, పైర్లకు ఎండు తెగులు తెచ్చే జాతి. మూడింట రెండు వంతుల మందికి అంతకు ముందు కంటికి దెబ్బ తగిలింది. మదురై జిల్లాలో ఏడాదికి లక్ష మందిలో 113 మందికి ఈ పుండు పడుతోందని 1996లో మరో అధ్యయనం లెక్క కట్టింది. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రపు ఒక కౌంటీలో ఆ లెక్క 11.

మా గోడు ఎవరూ పట్టించుకోలేదని మేం అనడం లేదు, అంటే అబద్ధమవుతుంది. కార్నియా పుండు మీద ప్రపంచంలో జరిగిన పెద్ద పరిశోధనలు కొన్ని మా గుమ్మం దగ్గరే జరిగాయి. బూజు పుండుకు పాతకాలపు నాటమైసిన్ చుక్కలు మంచివా, కొత్తగా వచ్చిన వోరికొనజోల్ మంచిదా అని అరవింద్ వైద్యులు, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళు కలిసి 323 మంది మీద తేల్చారు. ఫలితం 2013లో అచ్చయింది. పాత మందే గెలిచింది. ఫ్యూజేరియం పుండ్లలో ఆ తేడా మరీ స్పష్టంగా కనిపించింది. కొత్త మందు వాడిన వాళ్ళలో కన్ను చిల్లులు పడి, కార్నియా మార్చాల్సిన అవసరం ఎక్కువైంది. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నాటమైసిన్ చుక్కలను అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. బ్యాక్టీరియా పుండుకు స్టెరాయిడ్ చుక్కలు తోడు చేస్తే చూపు మెరుగవుతుందా అని 500 మంది మీద చేసిన మరో పరీక్ష ఫలితం 2012లో వచ్చింది. మొత్తం మీద పెద్ద లాభమేమీ లేదని తేలింది. బూజు పుండులో అయితే స్టెరాయిడ్ నిప్పులో నెయ్యే. మందుల షాపు చుక్కలతో వచ్చిన ఆ ఒక పూట హాయి వెనక చాలాసార్లు ఉండేది ఇదే.

వీటన్నిటికంటే మాకు ముఖ్యమైన పరిశోధన నేపాల్‌లోని భక్తపూర్‌లో జరిగింది. మదన్ ఉపాధ్యాయ్ బృందం అక్కడి గ్రామ కార్యకర్తలకు మూడు వస్తువులిచ్చింది: కంట్లో గీత పడితే రంగు పట్టి చూపించే ఫ్లోరెసీన్ కాగితం, నీలం వెలుతురు టార్చి, క్లోరాంఫెనికాల్ ఆయింట్‌మెంట్. కన్ను గీరుకున్న వాళ్ళకు మూడు రోజులు, రోజుకు మూడుసార్లు ఆయింట్‌మెంట్ వేశారు. 18 గంటల్లోపు మందు మొదలైన 284 మందిలో ఒక్కరికి కూడా పుండు పడలేదు. ఒక రోజు గడిచాక, రెండు రోజుల్లోపు వచ్చిన 49 మందిలో 14 మందికి పడింది. ఇది 2001 నాటి మాట. ఆ తరవాత ఇదే పద్ధతిని మదురై జిల్లా పల్లెల్లో పరీక్షించి, గీత పడగానే వేసిన మామూలు ఆయింట్‌మెంట్ బూజు పుండును కూడా అడ్డుకుంటుందని 2006లో ప్రకటించారు.

అంటే ఏం చేయాలో తెలిసి ఇరవై ఏళ్ళు దాటింది. చేయడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు, కోట్లు అక్కర్లేదు. ఐనా ఈ కోతలప్పుడు ఏ కూలిమనిషికైనా కన్ను గీరుకుంటే ఆమె చేతికి మొదట అందేది పసరే. మా కోపమంతా ఇక్కడే. కోవిల్‌పట్టిలో పత్తికీ జొన్నకూ 1901 నుంచి వ్యవసాయ పరిశోధనా కేంద్రం ఉంది. అక్కడ పుట్టిన రకం విత్తనాన్ని చేను దాకా తెచ్చే దారి మేమెరుగుదుం. డిపో ఉంటుంది, అధికారి ఉంటాడు, చూపించడానికి ఒక మడి ఉంటుంది. కంటి పరిశోధనకు అలాంటి దారి ఎవరూ వేయలేదు.

ఆ దారి కోసం మేం అడిగేవి ఇవి. తమిళనాడు ప్రభుత్వం 2021 ఆగస్టు 5న మొదలుపెట్టిన మక్కళై తేడి మరుత్తువం పథకంలో కార్యకర్తలు బీపీ, షుగరు మందులు పట్టుకుని మా గడపల దాకా వస్తున్నారు. మంచి పథకం, మా అమ్మమ్మలు వాళ్ళ కోసం ఎదురుచూస్తారు. వాళ్ళ సంచీలో ఫ్లోరెసీన్ కాగితం, నీలం టార్చి, ఆయింట్‌మెంట్ ట్యూబు కూడా ఉండాలి, వాడడం నేర్పాలి. తెల్లమచ్చ కనిపించినా, చూపు మసకబారినా ఆయింట్‌మెంట్‌తో సరిపెట్టకుండా అదే రోజు ఆసుపత్రికి పంపడం ఆ శిక్షణలో మొదటి పాఠం కావాలి.

కోవిల్‌పట్టి, సాత్తూరు, అరుప్పుకోట్టై ప్రభుత్వాసుపత్రుల్లో పుండు మీంచి గీకిన నమూనాను పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి సూక్ష్మదర్శినిలో చూసే ఏర్పాటు రోజూ ఉండాలి. బూజా కాదా అన్నది చాలావరకు కొద్ది నిమిషాల్లో తేలిపోతుంది. నాటమైసిన్ అక్కడే ఉచితంగా దొరకాలి. విరుదునగర్‌కు 2022 జనవరిలో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. అక్కడ చదివే పిల్లలు కోతల కాలంలో మా కళ్ళాలకు వచ్చి ఈ పని నేర్చుకోవాలని మా కోరిక. పుస్తకంలో ఒక పేజీ ఉండే జబ్బు ఇక్కడ ఊరికొకటి కనిపిస్తుంది.

స్టెరాయిడ్ చుక్కలు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని చట్టమే చెబుతోంది. మందుల షాపుల వాళ్ళతో మాకు పగ లేదు, వాళ్ళూ మా ఊరి వాళ్ళే. చీటీ అడగండి, చాలు. అడగని షాపు గురించి ఔషధ తనిఖీ అధికారికి రాతపూర్వకంగా తెలియజేస్తాం.

ఇంకొకటి గట్టిగా అడుగుతున్నాం. అరవింద్‌లో జరిగిన ఆ పరీక్షలప్పుడు తీసిన కార్నియా ఫొటోలతోనే పుండు బూజుదో బ్యాక్టీరియాదో చెప్పేలా కంప్యూటరుకు నేర్పారు. 2022లో అచ్చయిన ఫలితాల్లో ఫొటో చూసి పోల్చడంలో ఆ యంత్రం నిపుణుల కంటే కాస్త మెరుగ్గానే ఉంది. సంతోషం. ఆ ఫొటోల్లోని కళ్ళు ఈ దక్షిణాది పల్లెల మనుషులవి. ఆ పరికరం పనికొచ్చే స్థాయికి వచ్చిన రోజున ముందుగా రావాల్సింది మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు. మా మీద జరిగే ఏ పరిశోధన ఫలితాన్నైనా ఊరి సభలో, మాకు అర్థమయ్యే మాటల్లో వచ్చి చెప్పాలి. డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి మా సీమలోని అయన్ వడమలాపురంలో 1918లో పుట్టారు. ఉద్యోగ విరమణ తరవాత 1976లో పదకొండు పడకలతో అరవింద్‌ను మొదలుపెట్టారు. కీళ్ళవాతంతో వంకరపోయిన వేళ్ళతోనే వేల మందికి ఆపరేషన్లు చేశారు. ఆయన పుట్టిన మట్టి మీద నిలబడి ఇంత మాత్రం అడిగే హక్కు మాకుందని నమ్ముతున్నాం.

ప్రభుత్వం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోం. కోతలకు కూలీలను తీసుకెళ్ళే ప్రతి మేస్త్రి దగ్గరా, నూరుపు యంత్రం ఉన్న ప్రతి ఇంట్లోనూ రక్షణ అద్దాలు ఉండేలా మేమే చందాలు పోగుచేస్తాం. నలుసు పడితే కన్ను నలపొద్దు, గుడ్డ కొనతో తీయొద్దు, నాలుకతో తీయనివ్వొద్దు, పసరు పొయ్యొద్దు, శుభ్రమైన నీళ్ళతో కడిగి వెంటనే చూపించుకో అని బడిపిల్లల చేత ఇంటింటికీ చెప్పిస్తాం. పెద్దవాళ్ళను నొప్పించకుండా చెప్పాలి. చనుబాలు పోసిన అమ్మ ప్రేమతోనే పోసింది. అగ్గిపెట్టెల, బాణసంచా ఫ్యాక్టరీల్లో మందు కంట్లో పడితే లెక్క వేరు. అక్కడికక్కడే పావుగంట తగ్గకుండా నీళ్ళతో కడగాలి, తరవాతే బండెక్కించాలి. పని గదికి పక్కనే కుళాయి లేని ఫ్యాక్టరీ యజమానులను ఊరి పెద్దలతో వెళ్ళి అడుగుతాం. కన్ను గీరుకున్న ప్రతి మనిషి విషయంలో ఎన్ని గంటలకు మందు అందిందో ఊరూరా నోటుపుస్తకంలో రాసి, ఏటా పొంగల్ తరవాత జిల్లా కలెక్టర్లకు ఇస్తాం. ఆ పుస్తకంలో పేర్లుండవు, గంటలే ఉంటాయి.

కులాన్ని బట్టి, భాషను బట్టి ఈ ఉద్యమంలో చేర్చుకోవడం ఉండదు. ఇడైసేవల్ రచయిత కి. రాజనారాయణన్ ‘గోపల్ల గ్రామం’లో రాసిన తెలుగు వలసదారుల వారసులు మాలో ఉన్నారు, వాళ్ళకంటే ముందు నుంచీ ఈ నేలనే దున్నిన తమిళులూ ఉన్నారు. కరపత్రం రెండు భాషల్లోనూ వేస్తున్నాం.

గుంటూరు మిరప కళ్ళాల్లో, ఆదిలాబాదు పత్తి చేలలో, కర్నూలు నల్లరేగడిలో పనిచేసే అన్నలకూ అక్కలకూ ఒక మాట. మీ దగ్గరా ఇదే మట్టి, ఇదే పొట్టు, ఇదే బూజు. హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది, పల్లెల్లో దాని దృష్టి కేంద్రాలున్నాయి. మీ ఊరి నుంచి దగ్గరి కేంద్రం ఎంత దూరమో, నలుసు పడిన రాత్రి అక్కడికి ఎవరు తీసుకెళ్తారో ఈ వారమే కూర్చుని మాట్లాడుకోండి. మీ ఊళ్ళోనూ ఒక నోటుపుస్తకం తెరవండి.