గల్ఫ్‌కు పోయేటోనికి ఉన్న పరీక్ష కడుపుతోని ఉన్నామెకు ఏది?

మా మెట్‌పల్లి దిక్కు హెపటైటిస్ సి అంటే ఏం రోగమో తెల్వనోళ్లకు సుత, గల్ఫ్ మెడికల్‌ల అది తేలితే అన్‌ఫిట్ అని మాత్రం ఎరుకే. పనికి పోయేటోని నెత్తుర్ల హెచ్‌ఐవి, హెపటైటిస్ బి, సి మూడూ చూస్తరు. అదే ఇంట్ల కడుపుతోని ఉన్నామె సర్కారు దవాఖానకు పోతే హెచ్‌ఐవి, సిఫిలిస్, హెపటైటిస్ బి చూస్తరు. సి అందరికీ చూడాలన్న రూలు మన దేశంల లేదు, ప్రమాదం ఉన్నోళ్లకే చెయ్యాలంటరు. అరబ్బు సేటుకున్న జాగర్త మనకు లేకపోవుడు నాకు మింగుడు పడుతలేదు.

ప్రమాదం ఉన్నోళ్లను గుర్తువట్టుడెట్ల? ఈ వైరస్ నెత్తురు నుంచి నెత్తురుకు పోతది, ఏండ్లకేండ్లు సప్పుడు చెయ్యదు. డయాలసిస్, మస్తుసార్లు రక్తం ఎక్కించుకునుడు అంటే అడిగితే చెప్తరు. పదేండ్ల కింద జరమొస్తే ఊర్లె ఏసిన సూది కొత్తదా, పాతదా అంటే ఎవ్వలు చెప్తరు?

తల్లికి ఉంటే బిడ్డకు సోకేది నూటికి ఐదారుగురికి. తల్లికి హెచ్‌ఐవి కూడ ఉంటే దాదాపు రెట్టింపు. నెలలు నిండకముందే కాన్పు, బిడ్డ బరువు తక్కువుండుడు, తల్లికి ఒళ్లంత దురదవెట్టే కాలేయం జబ్బు వీళ్లల్ల ఎక్కువ. అప్పటికే కాలేయం గట్టిపడ్డ తల్లికైతే పెద్ద గండమే. ఆపరేషన్ చేస్తే బిడ్డకు అంటదనుకునుడు ఉత్తదే, దానికీ దీనికీ సంబంధం లేదు. ఎట్లాగూ 2019-21 సర్వే నాటికే రాష్ట్రంల నూటికి 60 కాన్పులు ఆపరేషన్లే. పాలు మాన్పిచ్చే అత్తలకు ఒక మాట: తల్లిపాలతోని ఇది రాదు. చనుమొనలు పగిలి నెత్తురొస్తే మాత్రం మానేదాక ఆపాలె.

చానమందికి ఈ సంగతి తెలిసేది ఆపరేషన్ ముంగట. ప్రైవేటుల కత్తి పట్టే ముందు చూస్తరు, అది డాక్టర్ల జాగర్త కోసం. అప్పటికి తొమ్మిదో నెల. కడుపుతోని ఉండంగ ఈ మందులు మామూలుగ ఇయ్యరు. అంటే చూడాల్సింది పెండ్లయినంక, కడుపు రాకముందే. అది తప్పితే మొదటి నెలల్లనన్న చూస్తే, కాన్పయినంక మందు మొదలువెట్టి రెండో బిడ్డనన్న కాపాడొచ్చు.

మందు లేక కాదు. సోఫోస్‌బువిర్ చేసే లైసెన్సు 2014ల హెటిరో, 2015ల నాట్కో తెచ్చుకున్నయి. రెండూ హైదరాబాద్ కంపెనీలే. 2018 జులై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద పరీక్ష, మందు రెండూ ఉచితం. ఎక్కువమందికి 12 వారాల గోలీలు సాలు, నూటికి 95 మందికి పైనే నయమైతది. అమెరికా 2020లనే ప్రతి కాన్పుకూ ఈ పరీక్ష చెయ్యుమన్నది. మన దగ్గర ఎట్లాగూ నెత్తురు తీస్తరు, ఇంకో చుక్క వడుతది, అంతే. గల్ఫ్ మెడికల్‌ల మొగనికి తేలితే పెండ్లాన్ని, పిల్లలను సుత పిలిచి చూడాలె. ఆలుమగల నడుమ అంటుడు తక్కువే గని ఇద్దరూ సూదికి పోయేది ఒక్క కాడికే గదా.

ఇగ బిడ్డ సంగతి. 18 నెలలదాక తల్లి యాంటీబాడీలే బిడ్డ నెత్తుర్ల కనవడుతయి, పుట్టంగనే చూస్తే అర్థం కాదు. రెండు నెలలు దాటినంక వైరస్ పరీక్ష, లేకుంటే 18 నెలలకు యాంటీబాడీ పరీక్ష చెయ్యాలె. సోకిన పిల్లలల్ల కొందరికి దానంతటదే పోతది, పోనోళ్లకు మూడేండ్లు నిండినంక మందు ఉన్నది. కాన్పు ఒక ఊర్లె, బాలింత తల్లిగారింట్ల, తర్వాత అత్తగారింటికి. 18 నెలలకు యాదిచేసేదెవరు? 16 నుంచి 24 నెలల నడుమ టీకాలకు ఆశమ్మ ఎట్లాగూ ఇంటికొచ్చి పిలుస్తది. ఆమె రిజిస్టర్ల ఇంకో గడి గీస్తే అయిపాయె.