టాలీ అయింది... మరి నిజమేనా?

బీకాం ఫస్ట్ సెమిస్టర్ మొదటి వారంలోనే నా ఫోన్‌కీ, మా అకౌంట్స్ సార్‌కీ పడలేదు. నాన్న నా ఖాతాలో 2,000 వేస్తే ఫోన్‌లో ‘క్రెడిటెడ్’ అని మెసేజ్ వస్తుంది. మేడ్చల్‌లో మా క్లాసుకెళ్తే, బ్యాంకులోకి డబ్బు వచ్చినప్పుడు బ్యాంకు ఖాతాను ‘డెబిట్’ చెయ్యాలంటారు. ఇద్దరిలో ఎవరు కరెక్ట్?

ఇదే అడిగితే సార్ నవ్వి, ‘‘ఆ మెసేజ్ ఎవరి పుస్తకంలోదిరా?’’ అన్నారు.

అది బ్యాంకు వాళ్ల పుస్తకంలోది. మనం దాచుకున్న డబ్బు బ్యాంకు మనకు తిరిగి ఇవ్వాల్సిన బాకీ. అందుకే వాళ్లకు క్రెడిట్. మనకేమో అది ఆస్తి. అందుకే మనకు డెబిట్. డబ్బు ఒకటే, పుస్తకాలు రెండు. ఇది అర్థమయ్యాక సగం భయం పోయింది. ఆ రెండో పుస్తకం ఎంత అవసరమో మాత్రం నాకు ఫ్రెషర్స్ పార్టీ నేర్పింది.

పార్టీ డబ్బులు నా దగ్గరే పెట్టారు. 62 మంది, తలకు 300. మొత్తం 18,600. బిల్లులు 16,950. మిగలాల్సింది 1,650, ఖాతాలో ఉన్నది 1,100. 550 తేడా! రాత్రి పదకొండైంది, పొద్దున గ్రూపులో లెక్క పెట్టాలి. ఏం చేశానో తెలుసా? ‘ఆటో, ఇతర ఖర్చులు: 550’ అని ఒక లైను రాసేశాను. టాలీ అయిపోయింది. గ్రూపు నిండా చప్పట్ల ఎమోజీలు.

వారం తర్వాత క్లాసులో బ్యాంక్ రీకన్సిలియేషన్ స్టేట్‌మెంట్ మొదలైంది. పేరు పెద్దదే గానీ పని సింపుల్. మన క్యాష్ బుక్‌లో ఉన్న బ్యాంకు బ్యాలెన్స్‌ని బ్యాంకు ఇచ్చిన పాస్ బుక్‌తో పోల్చాలి. మనం ఇచ్చిన చెక్కు ఇంకా పాస్ కాకపోవచ్చు, బ్యాంకు ఎస్ఎంఎస్ చార్జీలు కోసి ఉండొచ్చు. తేడా ఎందుకొచ్చిందో ఒక్కొక్కటిగా కారణం చూపించాలి. ఊరికే అంకె మార్చకూడదు.

ఇది మా అమ్మకు ఏ కాలేజీ నేర్పకుండానే వచ్చు. శామీర్‌పేటలో మా వంటింట్లో క్యాలెండర్ ఉంటుంది. పాలు పోయించుకోని రోజు అమ్మ దాని మీద సున్నా చుడుతుంది. నెలాఖరుకు పాలాయన నోటుబుక్కుతో కలవకపోతే గొడవ పడదు, తారీకు తారీకు పక్కపక్కన పెట్టి చూస్తుంది. చుట్టాలొచ్చిన రోజు ఎక్స్‌ట్రా లీటరు తీసుకుని తనే రాయడం మర్చిపోయినట్టు ఓసారి అలాగే దొరికింది. ‘‘మన పుస్తకంల మనం ఏమన్న రాసుకుంటం బిడ్డా, అవతలోళ్లది గూడ సూడాలె’’ అంటుంది.

ఆ సాయంత్రం ఫోన్‌పే హిస్టరీ తీసి లైను లైను చూశాను. ఒక ఫ్రెండు స్క్రీన్‌షాట్ చూపించి కట్టానన్న 300 అసలు రానేలేదు, పేమెంట్ ఫెయిలైంది. మిగతా 250? నా మొబైల్ రీచార్జ్! అదే ఖాతాలోంచి చేసుకుని మర్చిపోయాను. అంటే నేను రాసిన ఆటో ఎక్కడా ఎక్కలేదు. మా ట్రయల్ బ్యాలెన్స్ పాఠం అప్పుడు బుర్రకెక్కింది. రెండు వైపులా సమానం అయినంత మాత్రాన లెక్క నిజమని కాదు. అబద్ధాన్ని కూడా రెండు వైపులా సమానంగా రాయొచ్చు.

ఆ అబద్ధం పెద్దదైతే ఎలా ఉంటుందో చూడాలంటే దూరం పోనక్కర్లేదు. మేడ్చల్ హైవే మీద కొంపల్లి దాకా వచ్చి, దూలపల్లి మీదుగా వెళ్తే బహదూర్‌పల్లి. ఇప్పుడు అక్కడ టెక్ మహీంద్రా క్యాంపస్, మహీంద్రా యూనివర్సిటీ ఉన్నాయి. ఒకప్పుడు అది సత్యం కంప్యూటర్స్ టెక్నాలజీ సెంటర్. 2009 జనవరి 7న ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ బయటికొచ్చింది. 2008 సెప్టెంబరు చివరికి పుస్తకాల్లో చూపించిన నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లు. అందులో 5,040 కోట్లు లేనే లేవు! ఆ ఒక్కరోజే షేరు ధర 70 శాతానికి పైగా పడిపోయింది. 50 వేలకు పైగా ఉద్యోగులు ‘వచ్చే నెల జీతం వస్తుందా’ అని వణికిపోయారు. 2015లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు రాజు సహా 10 మందిని దోషులుగా తేల్చింది. తర్వాత వాళ్లు అప్పీలుకు వెళ్లారు.

బ్యాంకులో లేని డబ్బు ఆడిట్‌లో ఎందుకు దొరకలేదు? ఆడిటర్లు బ్యాంకులనే నేరుగా అడిగి బ్యాలెన్స్ తెలుసుకోవాలి. ఆ ఉత్తరాలు పంపడం, జవాబులు తీసుకోవడం కంపెనీ చేతికే వదిలేశారని అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ 2011లో తప్పుపట్టింది. పాలాయన నోటుబుక్కు చూడకుండా మన క్యాలెండరే చూసి డబ్బు లెక్కగట్టినట్టన్నమాట. ఫస్ట్ సెమిస్టర్ పాఠమే కదా!

నా 550 ఎక్కడ, ఆ 5,040 కోట్లు ఎక్కడ? పోలిక లేదు. కానీ ఆ లైను రాసినప్పుడు నా చెయ్యి వణకలేదు. ఇప్పుడు ఆలోచిస్తే నాకు భయమేసేది అదే.

మర్నాడు గ్రూపులో ఉన్నదున్నట్టు పెట్టాను. నా 250 వేశాను, ఫ్రెండు సారీ చెప్పి 300 పంపాడు. ‘‘టాలీ అయిపోయింది కదరా, మళ్లీ ఎందుకు తవ్వావు?’’ అని ఒకడు విసుక్కున్నాడు కూడా. అయినా ఈ ఏడాది ఫెస్ట్ డబ్బులు మళ్లీ నా దగ్గరే పెట్టారు. ఈసారి రెండు పుస్తకాలు. ఒకటి నాది, రెండోది వేరే ఫ్రెండుది.

ఈ వారం మీ పని: పోయిన నెల ఖర్చులు గుర్తున్నంత వరకు ఒక కాగితం మీద రాయండి. తర్వాత బ్యాంకు స్టేట్‌మెంట్ డౌన్‌లోడ్ చేసి పక్కన పెట్టండి. తేడా వస్తే ‘ఇతర ఖర్చులు’ అని మాత్రం రాయకండి!