బేరం కాదు, చాటు బేరమే చేటు

ప్రభుత్వం ఒక పనిని ఎవరికి అప్పగించాలి, ఎలా అప్పగించాలి అన్నది పైకి గుమాస్తాల వ్యవహారంగా కనిపిస్తుంది. ఆ ఎంపిక గాడి తప్పితే మాత్రం భారం మోసేది కరెంటు బిల్లు కట్టే సామాన్యుడే. టెండరులో అందరికంటే తక్కువ ధర పేర్కొన్నవారికి పని కట్టబెట్టడం ఒక పద్ధతి. పోటీదారులతో సంప్రదింపులు జరిపి, నాణ్యతనూ ధరనూ కలిపి బేరీజు వేసి ఎంచుకోవడం మరో పద్ధతి. మన దేశంలో మొదటిదానికి నీతి అనీ, రెండవదానికి అవినీతి అనీ ముద్ర పడిపోయింది. ఈ ముద్రలో సగమే నిజముంది.

ఆ సగం నిజాన్ని రుజువు చేసింది దభోల్. ప్రైవేటు పెట్టుబడులకు విద్యుత్ రంగం తలుపులు తెరిచిన తొలి రోజుల్లో, 1992 జూన్‌లో, అమెరికా కంపెనీ ఎన్రాన్‌తో మహారాష్ట్ర విద్యుత్ బోర్డు అవగాహన పత్రం కుదుర్చుకుంది. టెండరు పిలవలేదు. ఆర్థికంగా ఈ ప్రాజెక్టు గిట్టుబాటు కాదంటూ 1993లో ప్రపంచ బ్యాంకు రుణానికి నిరాకరించినా, ఆ ఏడాది డిసెంబరులో విద్యుత్ కొనుగోలు ఒప్పందంపై సంతకాలు జరిగిపోయాయి. 1995 ఆగస్టులో కొత్త ప్రభుత్వం పోటీ లేకపోవడాన్నీ, గోప్యతనూ ఎత్తిచూపి ప్రాజెక్టును రద్దు చేసింది. కొద్ది నెలలు తిరక్కుండానే అదే కంపెనీతో, మళ్లీ పోటీ లేకుండానే, కొత్త బేరం కుదుర్చుకుంది. 1999లో మొదటి దశ ఉత్పత్తి ఆరంభమైంది. ధరపై వివాదం ముదిరి 2001 మేలో బోర్డు కొనుగోలు నిలిపివేసింది. ఆ ఏడాది డిసెంబరులో ఎన్రాన్ దివాలా తీసింది. మూతపడిన కేంద్రాన్ని 2005లో ఎన్టీపీసీ, గెయిల్ భాగస్వాములుగా ఏర్పడిన సంస్థ నెత్తికెత్తుకోవలసి వచ్చింది. పక్కన మరొకరి ధర లేనప్పుడు, బేరమాడే అధికారి చేతిలో కొలబద్ద ఏముంటుంది?

ఇటువంటి అనుభవాల నేపథ్యంలో వ్యవస్థ రెండో కొసకు పరుగెత్తింది. టెండర్లు తెరిచాక అతి తక్కువ ధర చెప్పిన 'ఎల్-1' సంస్థతో తప్ప మరెవరితోనూ సంప్రదింపులు జరపరాదని 1998 నవంబరులో కేంద్ర విజిలెన్స్ కమిషన్ ఆదేశించింది. 2017 నాటి కేంద్ర ఆర్థిక నిబంధనలు కూడా అటువంటి సంప్రదింపులను గట్టిగా నిరుత్సాహపరిచాయి. ఉద్దేశం మంచిదే. ఫలితం మాత్రం వేరు. పదేళ్ల తరువాత ఏ విచారణ సంఘం ఏ ఫైలు తెరుస్తుందోనని జంకే అధికారికి ఎల్-1 ఒక రక్షణ కవచమైంది. చౌకగా వచ్చినది నాసిరకమైనా ఆయనను అడిగేవారు లేరు. మెరుగైనదానికి నాలుగు రూపాయలు ఎక్కువ పెడితే మాత్రం సంజాయిషీ తప్పదు.

తక్కువ ధర కూడా ఎప్పుడూ నిలిచే ధర కాదని చెప్పడానికి గుజరాత్‌లోని ముంద్రా చాలు. అక్కడి నాలుగు వేల మెగావాట్ల భారీ విద్యుత్ కేంద్రాన్ని 2006 డిసెంబరులో యూనిట్‌కు సగటున రూ.2.26 ధరతో టాటా పవర్ పోటీలో గెలుచుకుంది. ఇంధన ధర పెరిగితే రేటు పెరిగే విధంగా బిడ్ వేసే వెసులుబాటు ఆ టెండరులోనే ఉంది. గెలిచిన సంస్థ దానిని పూర్తిగా వాడుకోలేదు. తీరా 2010లో ఇండోనేసియా తన బొగ్గు ఎగుమతి ధరల నిబంధనలు మార్చడంతో లెక్కలు తలకిందులయ్యాయి. పరిహారపు రేటుకు కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ 2013లో సమ్మతించినా, విదేశీ చట్టం మారిందన్న కారణంతో ఒప్పందపు ధర పెంచడం చెల్లదని 2017 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తేల్చింది. 2018లో గుజరాత్ ప్రభుత్వం మళ్లీ సర్దుబాటుకు సిద్ధపడింది. గెలిచాక ధర పెంచుకునే దారి ఉంటుందని ముందే తెలిస్తే ఓడినవారు ఎంత ధర పేర్కొని ఉండేవారో ఎవరు చెప్పగలరు? పోటీకి ముందు మూసిన తలుపు పోటీ ముగిశాక తెరవడం ఓడినవారికి చేసిన అన్యాయమే.

ఆంధ్రప్రదేశ్‌లో కథ తిరగబడింది. పవన, సౌర విద్యుత్ ఒప్పందాల ధరలు తగ్గించేందుకు 2019లో రాష్ట్ర ప్రభుత్వం ఉన్నత స్థాయి సంప్రదింపుల కమిటీ వేసింది. ఒప్పందంలోని ధరల ప్రకారమే చెల్లించాలని 2022 మార్చిలో హైకోర్టు ఆదేశించింది. సంతకం తరువాతి బేరం ప్రభుత్వానికైనా, కంపెనీకైనా చివరకు కోర్టు గుమ్మమే చూపిస్తుంది.

మరి సంప్రదింపులకు చోటే లేదా? అమెరికా ప్రభుత్వ కొనుగోళ్ల నిబంధనల్లో ఇందుకోసం ప్రత్యేక భాగమే ఉంది. ఏ అంశానికి ఎంత ప్రాధాన్యమో టెండరులోనే ప్రకటించాలి. తుది పోటీలో నిలిచిన ప్రతి సంస్థతోనూ చర్చించి, అందరికీ ప్రతిపాదన సవరించుకునే అవకాశం ఇవ్వాలి. ఓడినవారు అడిగితే కారణం వివరించాలి. గాలిలో ఇంధనం నింపే విమానాల కాంట్రాక్టును 2008 ఫిబ్రవరిలో అక్కడి వైమానిక దళం నార్త్రాప్ గ్రమ్మన్‌కు ఇవ్వగా బోయింగ్ ఫిర్యాదు చేసింది. తాను ప్రకటించిన ప్రమాణాలకు వైమానిక దళమే కట్టుబడలేదని చట్టసభకు జవాబుదారీ అయిన ఆడిట్ సంస్థ నాలుగు నెలల్లో తేల్చింది. పోటీ మళ్లీ జరిగి 2011లో బోయింగ్ గెలిచింది. జాప్యం జరిగిన మాట వాస్తవం. అయితే తప్పు ఎక్కడ జరిగిందో దేశమంతటికీ తెలిసింది.

మన ఆర్థిక మంత్రిత్వ శాఖ సైతం 2021 అక్టోబరులో ఒక అడుగు ముందుకు వేసింది. నాణ్యత ముఖ్యమైన నిర్మాణ పనులలోనూ ధరేతర అంశాలకు 30 శాతం వరకు మార్కులు ఇవ్వవచ్చునని మార్గదర్శకాలు వెలువరించింది. ఇది ఆహ్వానించదగినదే. అయితే మార్కులు ఇచ్చే కలం చాటున కదిలితే ఆ 30 శాతమే అస్మదీయులకు దొడ్డిదారి అవుతుంది. ప్రమాణాలు ముందే ప్రకటించాలి. మార్కులకు కారణాలు ఫైలులో రాయాలి. ఓడినవారికి ఆ కారణాలు చెప్పాలి. నిర్ణీత గడువులో ఫిర్యాదు విచారించే స్వతంత్ర వ్యవస్థ ఉండాలి. సద్బుద్ధితో కారణం రాసి సంతకం చేసిన అధికారికి చట్టం అండగా నిలవాలి. ఇవి సమకూడని నాడు ఎల్-1 అయినా, సంప్రదింపులైనా ఖజానాకు పడే చిల్లు ఒక్కటే.