త్రేన్పు వస్తే జబ్బు పోయినట్టేనా?

ఈ శీర్షికకు ఉత్తరాలు రాసే పాఠకులు తరచుగా వాడే మాట ఒకటుంది: "గ్యాస్ ట్రబుల్". పొట్ట ఉబ్బరించినా, పులిత్రేన్పులు వచ్చినా, గుండెల్లో మండినా, వీపు పట్టేసినా అందరూ చెప్పే కారణం ఇదే. చేసే వైద్యమూ ఒక్కటే. కిళ్ళీ కొట్టు నుంచి, నీళ్ళలో వేస్తే బుసబుస పొంగే పొడి పొట్లం తెప్పించుకుని తాగడం, రెండు త్రేన్పులు రాగానే "హమ్మయ్య" అనుకుని పడుకోవడం. ఆరోగ్యవంతులు ఎప్పుడో ఒకసారి ఇలా చేస్తే ముప్పేమీ లేదు. కాని ఆ త్రేన్పును నమ్ముకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నవారిని ఆసుపత్రిలో చూస్తున్నాను కనుక ఈ వారం దీని గురించి రాస్తున్నాను.

ఆ పొడిలో ఏముంది?

19వ శతాబ్దంలో ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో మందుల దుకాణం నడిపిన జేమ్స్ క్రాస్లీ ఈనో ఇలాంటి పొడిని "ఫ్రూట్ సాల్ట్" పేరుతో అమ్మి, విస్తారంగా ప్రకటనలిచ్చి, ప్రసిద్ధుడయ్యాడు. ఆయన పేరుతో ఈ పొడి ఇప్పటికీ అమ్ముడవుతోంది. పేరులో పండు ఉన్నా, లోపల ఉన్నవి ముఖ్యంగా వంటసోడా, నిమ్మ ఉప్పు. వీటినే కొన్ని పొట్లాల మీద స్వర్జికా క్షారమని, నింబుకామ్లమని రాస్తారు.

ఈ రెండూ నీళ్ళలో కలిసినప్పుడు బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. గ్లాసులో పొంగేది అదే. అందులో కొంత నీళ్ళతోపాటు కడుపులోకి దిగుతుంది. తరువాత త్రేన్పుగా పైకి వచ్చేదీ చాలావరకు అదే. అంటే, మనం తాగిన గ్యాసునే బయటికి పంపి, జబ్బు పోయిందని సంతోషిస్తున్నామన్నమాట! పొడికి గుణం లేకపోలేదు. కడుపులోని ఆమ్లాన్ని అది కాసేపు విరుస్తుంది, మంట తగ్గుతుంది. ఆమ్లం మళ్ళీ ఊరగానే మంటా మళ్ళీ మొదలవుతుంది.

ఉప్పు తినకపోయినా ఉప్పే

రక్తపు పోటు ఉన్న ఒకామె "కూరలో ఉప్పు మానేశాను డాక్టరుగారూ" అన్నారు. రోజూ రాత్రి ఈ పొడి మాత్రం తాగుతున్నారు. 5 గ్రాముల పొట్లం ఒకదానిలో సుమారు 850 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. ఇది రెండు గ్రాముల ఉప్పులో ఉండే సోడియంతో సమానం. పెద్దవారు రోజు మొత్తం మీద 5 గ్రాముల ఉప్పు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. కనుక రక్తపు పోటు, గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు, కాళ్ళ వాపులు ఉన్నవారూ, గర్భిణులూ డాక్టరును అడగకుండా ఈ పొడి ముట్టవద్దు.

గ్యాసు కాదు, గుండె!

కొంతకాలం క్రితం యాభై రెండేళ్ళ గుమాస్తాను తెల్లవారుజామున మా ఆసుపత్రికి తీసుకొచ్చారు. ముందురోజు రాత్రి పెళ్ళి భోజనం చేసి ఇంటికి వచ్చాక, రొమ్ము ఎముక కింద బరువు పెట్టినట్టు నెప్పి, ఒళ్ళంతా చెమటలు. పొడి కలుపుకుని తాగారు. త్రేన్పులు వచ్చాయి, నెప్పి మాత్రం పోలేదు. మరో పొట్లం తాగారు. భార్య ఆసుపత్రికి వెళదామంటే, "గ్యాసుకి ఆసుపత్రేమిటి? నలుగురూ నవ్వుతారు" అన్నారట. మేము ఇ.సి.జి. తీసేసరికి ఆరు గంటలు గడిచిపోయాయి. అది గుండెపోటు. ఆయన బతికారు గాని, గుండె కండరంలో కొంత భాగం శాశ్వతంగా దెబ్బతింది. ఇప్పుడు మెట్లెక్కితే ఆయాసం.

ఆయన పొరపడటంలో వింత లేదు. గుండె నుంచీ, అన్నవాహిక నుంచీ నెప్పి కబురు తెచ్చే నరాలు వెన్నుపాములో దాదాపు ఒకేచోట చేరతాయి. నెప్పి ఎక్కడ పుట్టిందో మెదడు సరిగా పోల్చుకోలేదు. చక్కెర జబ్బు ఉన్నవారిలోనూ, స్త్రీలలోనూ, వృద్ధులలోనూ అసలు నెప్పే లేకుండా ఆయాసం, వికారం, నీరసం మాత్రమే కనిపించవచ్చు.

అందుకని గుర్తుంచుకోండి. ఛాతీలో గాని, పొట్ట పైభాగంలో గాని పట్టేసినట్టున్న బాధతోపాటు చెమటలు, ఆయాసం ఉన్నా, నెప్పి దవడకో భుజానికో చేతికో పాకినా, నడిస్తే హెచ్చి కూర్చుంటే తగ్గుతున్నా పొడి కలుపుతూ కూర్చోకండి. త్రేన్పు వచ్చిందని ఆగకండి. వెంటనే 108కి ఫోను చేయండి. ఇ.సి.జి. తీశాక గ్యాసని తేలితే మంచిదే. మేమెవరమూ నవ్వము.

రోజూ కావలసి వస్తుంటే?

వారాల తరబడి పొడి లేనిదే గడవడం లేదంటే, కారణం వెతకాలి. ఒంటి నెప్పులకు అదేపనిగా మింగే మాత్రలు జీర్ణాశయంలో పుండు పుట్టించవచ్చు. హెలికోబాక్టర్ పైలోరి అనే సూక్ష్మజీవి వల్లనూ పుండు పడుతుంది. ఆస్ట్రేలియా డాక్టర్లు బారీ మార్షల్, రాబిన్ వారెన్ దీన్ని కనుగొన్నందుకు 2005లో నోబెల్ బహుమతి పొందారు. సరిగ్గా పరీక్ష చేయించుకుని రెండు వారాల మందులు వాడితే చాలామందిలో ఆ క్రిమి పోతుంది. ఎన్ని పొట్లాలు తాగినా పోదు.

మలం తారులా నల్లగా ఉన్నా (ఐరన్ మాత్రలు వేసుకునేవారికి కూడా నల్లగా రావచ్చు), నెత్తురు వాంతి అయినా, ముద్ద దిగకపోయినా, కారణం లేకుండా బరువు తగ్గినా, యాభై దాటాక కొత్తగా అజీర్తి మొదలైనా ఆలస్యం చేయవద్దు. వీటి వెనుక ఒక్కొక్కసారి కాన్సరు ఉండవచ్చు.

ఇంట్లో చేయదగినవి

రాత్రి భోజనం పడుకోవడానికి మూడు గంటల ముందే ముగించండి. కడుపు నిండా కాక, కొంచెం వెలితిగా తినండి. రాత్రిళ్ళు గొంతులోకి పులుపు తన్నుకు వస్తుంటే మంచానికి తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేయండి. దిండ్లు పెంచితే నడుము దగ్గర మడతపడి పొట్ట నొక్కుకుపోతుంది గాని లాభం లేదు. సిగరెట్టు, చుట్ట, జర్దా, మద్యం మానండి. పొట్ట పెరిగినవారు బరువు తగ్గించండి. మీకు ఏది పడదో మీకే తెలుసు. ఆవకాయో, బజ్జీలో, పరగడుపున కాఫీయో దాన్ని తగ్గించండి.

ఇంట్లో ఆ పొట్లం ఉండటంలో తప్పు లేదు. అయితే అది పెళ్ళి భోజనం తరువాత ఒక పూటకు పనికివచ్చేదే గాని, రోజూ వాడవలసినది కాదు. ఛాతీ నెప్పికి అది మందు అసలే కాదు.